పొగత్రాగుట – సంతాన చికిత్స

చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చుటవలన ఊపిరితిత్తులకును గుండెకును హాని కలుగునని నేడు బడిపిల్లలకు కూడ తెలియును. సిగరెట్టు పెట్టెలపై బొమ్మలు వేసి మరీ ప్రభుత్వము హెచ్చరించుచున్నది. కాని ఆ పొగ బిడ్డలు కలుగుటకు కూడ అడ్డువచ్చునని తెలిసినవారు తక్కువ. సంతానము లేదని వైద్యుని వద్దకు పోయి, నగలో పొలమో తాకట్టు పెట్టి చికిత్స చేయించుకొను దంపతులు కలరు. ఆ చికిత్స ఫలించుటకును ఇంటిలోని పొగకును సంబంధమున్నదని వారిలో కూడ ఎరిగినవారు కొద్దిమందియే.

ఆ సంబంధమేమి? అది ఎట్లు తెలిసినది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు చూతము.

శరీరము వెలుపల ఫలదీకరణము

స్త్రీ శరీరములో గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంకాయలంతేసి అండాశయములు రెండు ఉన్నవి. సాధారణముగా నెలకొక అండము పక్వమై వెలువడి అండవాహికలో ప్రవేశించును. అక్కడ పురుషుని శుక్రకణము దానిని కలిసినచో ఫలదీకరణము జరుగును. ఇట్లు ఏర్పడిన కణము రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విభజనము చెందుచు గర్భాశయమును చేరి, దాని లోపలి పొరలో నాటుకొనును. ఈ దారిలో ఎక్కడ ఆటంకము కలిగినను గర్భము నిలువదు. దంపతులు ఒక సంవత్సరము ప్రయత్నించినను గర్భము రానిచో దానిని వంధ్యత్వమని వైద్యులు వ్యవహరింతురు. ఈ మాట స్త్రీకి మాత్రమే కాదు, దంపతులిద్దరికిని వర్తించునని మొదటనే గుర్తుంచుకొనవలెను.

అండవాహికలు మూసుకొనిపోయిన స్త్రీలలో అండము, శుక్రకణము కలిసికొనుటకు దారి ఉండదు. అట్టివారికొరకు ఆ కలయికను శరీరము వెలుపల, గాజుపాత్రలో జరిపించు పద్ధతిని ఇంగ్లండులో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఎడ్వర్డ్స్, వైద్యుడు పాట్రిక్ స్టెప్టో, వారికి తోడ్పడిన జీన్ పర్డీ రూపొందించిరి. 1978 జూలై 25న ఓల్డ్‌హామ్ పట్టణములో ఆ పద్ధతిని పుట్టిన మొదటి శిశువు లూయీ బ్రౌన్. ఈ కృషికి ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమానము లభించెను. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలన ఇట్టి శిశువు మన దేశములోను జన్మించెను. కాని ఆయన జీవించియుండగా ఆ ఘనతకు గుర్తింపు రాలేదు. పత్రికలు ఈ పిల్లలను పరీక్షనాళిక శిశువులని పిలిచినవి.

ఈ చికిత్సలో ఐదు మెట్లున్నవి. మొదట స్త్రీకి హార్మోను సూదిమందులిచ్చి, ఒక్కటికి బదులు పలు అండములు ఒకేమారు పక్వమగునట్లు చేయుదురు. రెండవది, సన్నని సూదితో ఆ అండములను వెలుపలికి తీయుట. మూడవది, వానిని శుక్రకణములతో కలుపుట. శుక్రకణములు బలహీనములైనచో ఒకే శుక్రకణమును సూక్ష్మమైన సూదితో అండములోనికి ఎక్కింతురు. నాలుగవది, ఏర్పడిన పిండములను మూడు మొదలు ఐదు దినములవరకు పెంచుట. ఐదవది, మేలైన పిండమును గర్భాశయములో ప్రవేశపెట్టుట. ఆపైన అది నాటుకొనుట, నిలుచుట ప్రకృతి చేతిలో ఉన్నవి.

ఈ మెట్లలో ఒకటి రెండింటిని మాత్రమే మనుష్యుడు తన చేతిలోనికి తీసికొనగలిగెను. అండమును తయారుచేయుట, శుక్రకణమును తయారుచేయుట, పిండమును నాటుకొననిచ్చుట శరీరమే చేయవలెను. పొగ పనిచేయునది సరిగా ఈ చోట్లనే. చికిత్స పొగను దాటిపోజాలకుండుటకు కారణ మిదియే.

పొగలో ఏమున్నది?

పొగాకు కాలునపుడు వెలువడు పొగలో ఏడువేలకు పైగా రసాయనిక పదార్థములున్నవి. మన విషయమునకు సంబంధించినవి ముఖ్యముగా నాలుగు. నికొటిన్ రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. కార్బన్ మోనాక్సైడు రక్తములోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొని, కణములకు ప్రాణవాయువు సరిగా అందకుండ చేయును. కాడ్మియం అను లోహమును పొగాకు మొక్క నేలనుండి పీల్చి ఆకులలో నిలువచేసికొనును. ఆకు కాలినపుడు అది పొగతో లోపలికి పోవును. నాలుగవ రకము, ఆకు కాలుటవలన పుట్టు బెంజోపైరీన్ వంటి బహువలయ హైడ్రోకార్బనులు. ఇవి క్యాన్సరు కలిగించునవిగా ప్రసిద్ధములు.

ఊపిరితిత్తులలోనికి పోయిన పొగ ఊపిరితిత్తులలోనే ఉండిపోదు. అందలి పదార్థములు రక్తములో కలిసి శరీరమంతయు తిరుగును. అండాశయములో ప్రతి అండము చుట్టును ద్రవముతో నిండిన ఒక చిన్న సంచి ఉండును. దీనిని అండపుటిక అందురు. అండము పెరుగునది ఈ ద్రవములోనే. చికిత్సకొరకు అండములను తీయునపుడు ఈ ద్రవము కూడ వెలుపలికి వచ్చును గనుక దానిని పరీక్షించుట సులభము. కెనడాలోని టొరాంటో నగర శాస్త్రజ్ఞులు 1990 తరువాతి సంవత్సరములలో ఇట్లు పరీక్షించి, పొగత్రాగు స్త్రీల అండపుటికల ద్రవములో కాడ్మియమును, నికొటిన్ శరీరములో మార్పుచెందగా ఏర్పడు కొటినిన్ అను పదార్థమును కనుగొనిరి. తాము త్రాగకపోయినను ఇతరుల పొగ పీల్చిన స్త్రీలలో కూడ కొటినిన్ కనిపించెను. అనగా పొగ ముక్కువద్ద ఆగుటలేదు. పుట్టబోవు బిడ్డకు మూలమైన అండమును తాకుచున్నది.

తిరిగి నిండని గాదె

పురుషునిలో శుక్రకణములు యౌవనమునుండి ముసలితనము వరకు నిత్యము క్రొత్తగా తయారగుచుండును. స్త్రీ విషయము వేరు. ఆమె తల్లి కడుపులో ఐదు నెలల పిండముగా ఉన్నపుడే ఆమె అండాశయములలో 60, 70 లక్షల అండబీజము లుండును. పుట్టునాటికి అవి 10 మొదలు 20 లక్షలకు తగ్గును. యుక్తవయస్సు వచ్చునప్పటికి మిగులునవి మూడు, నాలుగు లక్షలు. జీవితమంతటిలో పక్వమై వెలువడునవి నాలుగైదు వందలు మాత్రమే. తక్కినవన్నియు క్రమముగా నశించిపోవును. నిలువ దాదాపు అయిపోయినపుడు ముట్లుడుగును.

కాబట్టి అండాశయము ఒకేమారు నింపి మూసిన ధాన్యపు గాదెవంటిది. తీయుటయే కాని పోయుట లేదు. ఇట్టి గాదెకు ఎలుకలు తగిలినచో ఏమగునో పొగ తగిలినను అదియే అగును. పొగత్రాగు స్త్రీలకు త్రాగనివారికంటె ఒకటి మొదలు నాలుగు సంవత్సరములు ముందుగా ముట్లుడుగునని పలు దేశములలోని పరిశీలనలు తెలుపుచున్నవి.

దీనికి కారణమును అమెరికాలోని శాస్త్రజ్ఞులు ఎలుకలలో పరిశోధించి 2001లో ప్రకటించిరి. పొగలోని బహువలయ హైడ్రోకార్బనులు అండకణములోని ఒక గ్రాహకమునకు అతుకుకొనును. అంతట బాక్స్ అను జన్యువు మేల్కొనును. ప్రతి కణమునకును అవసరమైనపుడు తన్ను తాను నశింపజేసికొను ఏర్పాటు కలదు. బాక్స్ ఆ ఏర్పాటునకు మీటవంటిది. మీట నొక్కినంతనే అండము మరణించును. ఆ జన్యువు లేకుండ పెంచిన ఎలుకలకు అదే విషము నిచ్చినను అండములు నశింపలేదు. అందువలన అండముల నాశమునకు దారి ఇదియేనని స్పష్టమైనది.

చికిత్సలో మొదటి మెట్టు గాదెలో మిగిలిన గింజలపై ఆధారపడియున్నదని చెప్పనక్కరలేదు. నిలువ తగ్గినచో ఎంత మందిచ్చినను తక్కువ అండములు లభించును.

లెక్కలు చెప్పునదేమి?

మొదట చికిత్స అవసరము లేని స్త్రీల సంగతి చూతము. అమెరికాలో 678 మంది గర్భిణులను, గర్భము వచ్చుటకు ఎంతకాలము పట్టినదని అడిగి తెలిసికొన్న వివరములు 1985లో వెలువడినవి. పొగత్రాగనివారిలో 100కి 38 మందికి మొదటి నెలలోనే గర్భము వచ్చెను. త్రాగువారిలో 28 మందికి మాత్రమే వచ్చెను. సంవత్సరమునకు మించి ఆలస్యమగుట త్రాగువారిలో 3.4 రెట్లు ఎక్కువగా కనిపించెను.

ఇక చికిత్స విషయము. ఒక్కొక్క ఆసుపత్రిలో చికిత్స పొందు స్త్రీల సంఖ్య తక్కువ గనుక ఒక్క పరిశీలనను బట్టి నిర్ణయించుట కష్టము. కొన్నింటిలో తేడా స్పష్టముగా కనబడలేదు కూడ. అందుచేత శాస్త్రజ్ఞులు వేరువేరు పరిశీలనలను ఒకచోట చేర్చి మొత్తము లెక్క కట్టుదురు. 1998లో ఇట్లు కట్టిన లెక్కలో, పొగత్రాగు స్త్రీలకు ఒక్కొక్క ప్రయత్నమునకు గర్భము వచ్చుటలో నిష్పత్తి 0.66 అని తేలెను. 2009లో 21 పరిశీలనలను కలిపి చూడగా, బిడ్డ సజీవముగా పుట్టుటకు ఈ నిష్పత్తి 0.54 అని వచ్చెను. వచ్చిన గర్భము నిలువక పోవుట కూడ త్రాగువారిలోనే హెచ్చుగా కనిపించెను. దాని నిష్పత్తి 2.65.

ఈ నిష్పత్తి అనగా ఏమో విద్యార్థులు తరగతిలో లెక్కించి చూడవచ్చును. ఇది ఫలించినవానికిని ఫలింపనివానికిని గల నిష్పత్తులను పోల్చునది. త్రాగని స్త్రీలలో 100 ప్రయత్నములలో 25 ఫలించినవని ఉదాహరణకు అనుకొందము. ఫలింపనివి 75. నిష్పత్తి 25/75, అనగా 0.33. దీనిని 0.54తో గుణించగా 0.18 వచ్చును. 15 ఫలించి 85 ఫలింపనిచో సుమారుగా ఇదే నిష్పత్తి వచ్చును. అనగా 25 ఉండవలసిన చోట 15 మాత్రమే.

ఈ తేడా చిన్నదిగా తోచవచ్చును. కాని చికిత్సను మూడుమార్లు చేయించుకొన్నారనుకొనుడు. ప్రతిమారును అవకాశ మొకటే అనుకొనుడు. మూడుమార్లును విఫలమగు సంభావ్యత మొదటివారికి 0.75 × 0.75 × 0.75, అనగా 0.42. రెండవవారికి 0.85 × 0.85 × 0.85, అనగా 0.61. మొదటి తెగలో 100 మందికి 58 మంది బిడ్డ నెత్తుకొందురు. రెండవ తెగలో 39 మంది. మిగిలిన 19 మంది ఇండ్లలో ఖర్చు అంతయు అయినది, ఊయల మాత్రము కట్టలేదు.

ఇట్టి చికిత్సలో స్త్రీ వయస్సు అన్నిటికంటె ముఖ్యమైనదని అందరును ఒప్పుకొందురు. నెదర్లాండ్సులో 1983 మొదలు 1995 వరకు చికిత్స పొందిన 8,457 మంది స్త్రీల వివరములను పరిశీలించి 2005లో ప్రకటించిరి. పొగత్రాగుటవలన కలుగు నష్టము, స్త్రీ వయస్సు 20నుండి 30కి పెరుగుటవలన కలుగు నష్టమునకు తీసిపోదని అందు తేలెను. ఒక విధముగా, పొగ ఆమె వయస్సునకు పదేండ్లు కలుపుచున్నది.

విత్తనమా? నేలయా?

ఇక్కడ ఒక చక్కని ప్రశ్న పుట్టును. పంట పండలేదన్న విత్తనములో లోపము ఉండవచ్చును, నేలలో లోపము ఉండవచ్చును. పొగ చెరచునది అండమునా, గర్భాశయమునా? సామాన్యముగా ఈ రెండును ఒకే స్త్రీవి గనుక వేరుచేసి చూడలేము.

కొందరు స్త్రీలకు తమ అండములు పనికిరానపుడు వేరొక స్త్రీ దానముగా ఇచ్చిన అండములతో చికిత్స చేయుదురు. అప్పుడు విత్తనము ఒకరిది, నేల ఒకరిది. స్పెయినులోని శాస్త్రజ్ఞులు ఈ అవకాశమును ఉపయోగించుకొనిరి. దానపు అండములను పొందిన స్త్రీలలో రోజుకు పదికి మించి సిగరెట్లు కాల్చువారిని ఒక తెగగా, తక్కినవారిని మరొక తెగగా చూచిరి. తక్కినవారిలో 100కి 52 మందికి గర్భము రాగా, ఎక్కువ కాల్చువారిలో 34 మందికే వచ్చెను. 2007లో ప్రకటించిన ఈ పరిశీలనలో ఎక్కువ కాల్చువారి సంఖ్య చిన్నదే. అయినను విత్తనము మంచిదైనప్పుడు కూడ పొగబారిన నేల దానిని సరిగా అందుకొనలేదని ఇది సూచించుచున్నది.

కెనడాలోని హామిల్టన్ నగరములో 225 మంది స్త్రీలపై జరిపి 2005లో ప్రకటించిన పరిశీలన ఇంకను ఆలోచింపజేయునది. అందు మూడు తెగలు. పొగ సోకనివారు, తాము త్రాగువారు, తాము త్రాగక, పొగత్రాగు భర్తతో కలిసి నివసించువారు. సూక్ష్మదర్శినిలో చూడగా మూడు తెగలవారి పిండములలోను తేడా కనబడలేదు. కాని గర్భాశయములో ప్రవేశపెట్టిన తరువాత మొదటి తెగలో 100కి 48 మందికి గర్భము వచ్చెను. త్రాగువారిలో 19 మందికి. త్రాగనివారైనను ఇంటిలో పొగ పీల్చువారిలో 20 మందికి. తుది రెండు అంకెలకును భేదము లేనట్లే.

భార్య చుట్ట ముట్టలేదు, సిగరెట్టు ముట్టలేదు. అయినను ఆమె ఫలితము త్రాగినవారితో సమానమైనది. ఇంటిలోని పొగ ఎవరి నోటినుండి వచ్చినదని శరీరము విచారింపదు.

పురుషుని పాలు

శుక్రకణము మొదలునుండి తుదివరకు తయారగుటకు సుమారు 74 దినములు పట్టును. అది బయటికి వచ్చునంతవరకు లెక్కించినచో మూడు నెలలు అనుకొనవచ్చును. ఈ మూడు నెలలలో పురుషుడు పీల్చిన పొగ దానిపై పనిచేయును. 20 పరిశీలనలను, 5,865 మంది పురుషులను కలిపి చూచి 2016లో ప్రకటించిన లెక్కప్రకారము పొగత్రాగువారిలో శుక్రకణముల సంఖ్యయు, వాని చలనశక్తియు తగ్గియున్నవి. పొగలోని పదార్థములు శుక్రకణము మోసికొనిపోవు డీఎన్ఏను కూడ దెబ్బతీయును.

ఒకే శుక్రకణమును సూదితో ఎక్కించు పద్ధతి ఉన్నది గదా, సంఖ్య తగ్గిననేమి, చలనము తగ్గిననేమి అని అడుగవచ్చును. సూది శుక్రకణమునకు దారి చూపును. లోపలి డీఎన్ఏను బాగుచేయదు. చినిగిన ఉత్తరమును టపావాడు ఎంత జాగ్రత్తగా చేర్చినను అది చినిగిన ఉత్తరమే.

మన దేశములో ఈ సంగతికి ప్రత్యేకమైన ప్రాముఖ్య మున్నది. 2016-17లో జరిగిన దేశవ్యాప్త సర్వే ప్రకారము పెద్దవారిలో పొగత్రాగు పురుషులు 100కి 19 మంది, స్త్రీలు ఇద్దరు. కాని ఇంటిలో పరుల పొగ పీల్చువారు 100కి 39 మంది. ఈ అంకెలను పై కెనడా పరిశీలనతో కలిపి చదివినచో మన పరిస్థితి అర్థమగును. పొగ ఎక్కువగా పురుషునిది, పీల్చునది ఇల్లంతయును. అయినను బిడ్డలు కలుగనిచో లోకము మొదట వ్రేలు చూపునది ఇల్లాలివైపే. శుభకార్యములలో ఆమెను వెనుకకు నెట్టుట, గొడ్రాలని దెప్పుట, భర్తకు మరొక పెండ్లి చేయుదుమని బెదరించుట మన ఊళ్లలో ఎరుగనివి కావు. పరీక్షలన్నియు ఆమెకే చేయించి, అరుగుమీద కూర్చుండి చుట్ట కాల్చు భర్తను ఎవరును అడుగరు. విజ్ఞానశాస్త్రము ఇట్టి పక్షపాతమునకు తావీయదు. లోపము ఇద్దరిలో ఎవరియందైనను ఉండవచ్చును. పొగ ఇద్దరికిని చేటు.

స్త్రీలు పొగత్రాగుట మన ప్రాంతములో లేదనుకొనుట కూడ పొరపాటు. చుట్టకు నిప్పంటించి, ఆ నిప్పు కొనను నోటిలోపల ఉంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు పల్లెలలో ముఖ్యముగా స్త్రీలలో కనిపించునదే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటువలన అంగిట కలుగు వ్యాధులను గూర్చిన పరిశీలనను 1971లో ప్రకటించిరి. కనుక సంతానముకొరకు వచ్చిన దంపతులను, పొగ అలవాటున్నదా అని భర్తను మాత్రమే కాక భార్యను కూడ, సిగరెట్టును గూర్చి మాత్రమే కాక చుట్టను, బీడీని, అడ్డపొగను గూర్చి కూడ మర్యాదగా అడిగి తెలిసికొనుట అవసరము.

తాతగారి చుట్ట

ఈ విషయము చెప్పినపుడు తరగతిలో ఎవరో ఒకరు లేచి, “మా తాతగారు రోజుకు పది చుట్టలు కాల్చెడివారు. ఆయనకు ఎనిమిదిమంది సంతానము. మరి పొగ వారినేమి చేసినది?” అని అడుగకమానరు. ప్రశ్న మంచిదే. ఉపాధ్యాయుడు దీనిని త్రోసివేయరాదు.

పై లెక్కలు ఒక్క మనుష్యునిగూర్చి చెప్పినవి కావు, సమూహములగూర్చి చెప్పినవి. త్రాగువారిలో కూడ మొదటి నెలలోనే గర్భము వచ్చినవారు 100కి 28 మంది ఉన్నారని ముందే చూచితిమి. గొడుగు లేక వానలో నడచినవారందరికిని జ్వరము రాదు. రానివానిని చూపి వాన తడుపదనుట సరికాదు. తాతగారు యౌవనములో, లోపములేని ఆరోగ్యముతో ఉండి కొంత నష్టమును తట్టుకొనియుండవచ్చును. చికిత్సకొరకు వచ్చు దంపతులకు అట్టి మిగులు ఉండదు. నిండుకుండనుండి చెంబెడు తీసినను తెలియదు. అడుగంటిన కుండనుండి తీసినచో పొయ్యిమీదికి నీరుండదు.

మరొక సందేహము కూడ న్యాయమైనదే. పొగత్రాగువారికి ఇతరమైన అలవాట్లు కూడ ఉండవచ్చును గదా, నష్టము వానివలన కాదని ఎట్లు చెప్పగలము? కొందరిని ఎంచి పొగత్రాగుమని ఆజ్ఞాపించి ప్రయోగము చేయుట ధర్మము కాదు. అందుచేత శాస్త్రజ్ఞులు వేరువేరు దారుల వచ్చి ఒకేచోట కలిసికొందురేమో చూతురు. అండపుటిక ద్రవములో పొగ పదార్థములు దొరకుట ఒక దారి. ఎలుకలలో అండములు నశించు విధము తెలియుట రెండవది. ముట్లు ముందుగా ఉడుగుట మూడవది. దానపు అండములతో చేసిన పరిశీలన నాలుగవది. పలు దేశముల చికిత్సా ఫలితములు ఐదవది. ఈ ఐదును ఒకే మాట చెప్పుచున్నవి. ఒక్కొక్క సాక్షిని శంకింపవచ్చునుగాని, ఒకరినొకరు ఎరుగని ఐదుగురు సాక్షులు ఒకే మాట చెప్పినపుడు న్యాయాధికారి నమ్మక తప్పదు.

మానినచో ఏమి లాభము?

పోయిన అండములు తిరిగిరావు. ఇది కఠినమైన సత్యము. గాదెలో మిగిలినవానిని కాపాడుకొనుట మాత్రము మన చేతిలో ఉన్నది. అమెరికాలో 2017లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, పొగ మానిన స్త్రీలలో మానిన తరువాత గడచిన ప్రతి సంవత్సరమునకును చికిత్స విఫలమగు ప్రమాదము నూటికి నాలుగు వంతుల చొప్పున తగ్గుచు వచ్చెను. రక్తములోని కార్బన్ మోనాక్సైడు ఒకటి రెండు దినములలోనే తొలగిపోవును. పురుషుని విషయములో క్రొత్త శుక్రకణములు మూడు నెలలలో తయారగును. అందుచేత చికిత్స మొదలుపెట్టుటకు కనీసము మూడు నెలలు ముందుగా దంపతులిద్దరును పొగ మానుట మంచిది. ఎంత ముందుగా మానిన అంత లాభము. స్త్రీ వయస్సు ఎక్కువగా ఉన్నచో ఎంతకాలము ఆగవచ్చునో వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెను. కాలము కూడ గాదెను తినునదే.

రోజుకు పది కాల్చుచుంటిమి, రెండింటికి తగ్గించితిమి అని తృప్తిపడరాదు. పెరటిలోనికి పోయి కాల్చుట ఇంటిలో కాల్చుటకంటె మేలేగాని, త్రాగువాని నష్టము తీరదు. పొగకు బదులు నములు పొగాకును పట్టుట ఒక నికొటినును వదలి మరొక నికొటినును పట్టుటయే. ఎలెక్ట్రానిక్ సిగరెట్లను మన దేశములో 2019లో నిషేధించిరి.

మానుట మాటలలో చెప్పినంత సులభము కాదు. నికొటిన్ మెదడును లోబరచుకొను పదార్థము. మానినవానికి కొన్నాళ్లు చిరాకు, నిద్రలేమి, తీరని కోరిక కలుగును. ఇది బలహీనత కాదు, రసాయనిక చర్య. దీనికి వైద్యసహాయ మున్నది. పొగాకు మానదలచినవారికొరకు ప్రభుత్వము ఉచితముగా నడపు టెలిఫోను సంఖ్య 1800-11-2356 పొగాకు పెట్టెలపైననే ముద్రింపబడుచున్నది. భర్త మానుచున్నపుడు భార్యయు, భార్య మానుచున్నపుడు భర్తయు తోడు నిలిచినచో పని సగము సులువగును.

ఈ వ్యాసము చదువు విద్యార్థులకు సంతానపు చింత ఇంకను దూరములో ఉన్నది. కాని చాలమందికి పొగ అలవాటగునది ఈ వయస్సులోనే. పదునెనిమిదవ ఏట స్నేహితుని ప్రక్కన వెలిగించిన సిగరెట్టు, ముప్పదియవ ఏట ఆసుపత్రి బల్లపై లెక్కకు వచ్చునని అప్పుడు ఎవరికిని తోచదు. తోచజేయుట ఉపాధ్యాయుల పని. పునరుత్పత్తి పాఠము చెప్పునపుడు అండాశయము బొమ్మ వేసి భాగములకు పేర్లు పెట్టుటతో ఆపక, ఆ గాదెకు ఒకేమారు ధాన్యము పోయబడినదని, దానిని కాపాడుట ఇంటిలోని మగవారి బాధ్యత కూడనని ఒక్క మాట చెప్పినచో, ఆ పాఠము పరీక్షలు ముగిసిన తరువాత కూడ వారికి ఉపయోగపడును.